చీటీ మీద రాసిన పాలు

వేదిక మీది పెద్దలకు నమస్కారం. పేర్లన్నీ చదివితే నాకిచ్చిన పది నిమిషాలూ వాటికే సరిపోతాయి, మన్నించాలి. తల్లిపాల వారోత్సవమని హన్మకొండకు పిలిచారు. నేను చెప్పుకోవలసింది మాత్రం నా తప్పు గురించి.

చాలా ఏళ్ల కిందటి మాట. మేడారం జాతర నుంచి తిరిగొచ్చిన వారానికి, నర్సంపేట వైపు ఊరి నుంచి ఒక తల్లి ఎనిమిది నెలల బాబును ఎత్తుకొచ్చింది. నురగతో, పుల్లటి వాసనతో విరేచనాలు. పిరుదులు ఒరుసుకుపోయి ఎర్రబడ్డాయి. తల్లిపాలతో పాటు సీసాతో బర్రె పాలు కూడా పడుతున్నారు. నేను చీటీ మీద 'పాలు ఆపండి' అని రాశాను. ఏ పాలో రాయలేదు.

నాలుగో రోజు మళ్లీ వచ్చింది. బాబు కళ్లు లోతుకు పోయాయి. ఆమె కొంగు నిండుగా కప్పుకుంది. లోపల జాకెట్టు పాలతో తడిసి ఉంది. "మీరే ఆపమన్నారు కదా సార్" అంది.

పాలలోని చక్కెర పేరు లాక్టోజ్. దాన్ని అరిగించే లాక్టేజ్ చిన్నపేగు గోడకున్న సన్నని కుచ్చుల కొసల్లో ఉంటుంది. విరేచనాలు పట్టుకుంటే ముందుగా దెబ్బతినేవి ఆ కొసలే. అరగని చక్కెర పెద్దపేగులో పులుస్తుంది, అందుకే ఆ నురగ, ఆ మంట. కొన్ని వారాల్లో కొసలు మళ్లీ పెరుగుతాయి. పుట్టుకతోనే లాక్టేజ్ లేని పిల్లలు చాలా అరుదు. తల్లిపాలలో లాక్టోజ్ సుమారు 7 శాతం, బర్రె పాలలో కన్నా ఎక్కువే. అయినా విరేచనాల్లో తల్లిపాలు ఆపకూడదు. అంగన్‌వాడీ టీచరమ్మలూ, ఇదొక్కటీ గట్టిగా చెప్పండి! ఓఆర్ఎస్, 14 రోజులు జింకు, తల్లిపాలు.

మా అమ్మ చదువుకోలేదు. మాకు విరేచనాలైతే పెరుగన్నమే పెట్టేది. తోడులోని సూక్ష్మజీవులు లాక్టోజ్‌లో కొంత ముందే తినేస్తాయని నేను కాలేజీలో పుస్తకం తెరిచి నేర్చుకున్నాను. అయినా చీటీ అలా రాశాను.

సెలైన్ పెట్టించి, రొమ్ముకు పట్టమన్నాను. ఆమె పట్టలేదు. రెండుసార్లు నర్సును అడిగిందట: "సార్ నిజంగానే అన్నారా? చీటీ మీద రాయించుకు రండి."