ఈ టీమ్ నాదేనా? స్పానిష్ మాట్లాడే ఆరోగ్య విద్యార్థుల్ని అడగాల్సిన ప్రశ్న

అందరికీ నమస్కారం. నేరుగా విషయంలోకి వస్తాను.

స్పెయిన్‌లో డాక్టర్ చదువు ఆరేళ్లు, ఫార్మసీ ఐదేళ్లు, నర్సింగ్, ఫిజియోథెరపీ నాలుగేళ్లు. స్కూల్ చదువు అవగానే ఏదో ఒక కోర్సులో చేరిపోతారు, అక్కడి నుంచి ఎవరి తరగతులు వాళ్లవి, ఎవరి పరీక్షలు వాళ్లవి, స్నేహాలు కూడా చాలావరకు అంతే. చివరికి అందరూ ఒకే పేషెంట్ దగ్గర కలుస్తారు. అక్కడి ఆరోగ్య వృత్తుల చట్టం, అంటే 2003 నాటి 44వ చట్టం, తొమ్మిదో అధికరణంలో టీమ్ వర్క్ గురించి ప్రత్యేకంగా రాసింది. చట్టంలో ఉంది సరే, ఆ విద్యార్థికి లోపల ‘ఈ టీమ్ నాది’ అనిపిస్తోందా? దాన్నే ఇంటర్‌ప్రొఫెషనల్ ఐడెంటిటీ అంటున్నారు, మనం ఉమ్మడి వృత్తి అస్తిత్వం అనుకుందాం. దాన్ని కొలవడం గురించే నా మాటలన్నీ.

చాలామంది ఇక్కడ ఒక పొరపాటు చేస్తున్నారు. టీమ్ వర్క్ మంచిదా అని అడుగుతారు. ఎవరు కాదంటారు? 1999లో బ్రిటన్‌లో పార్సెల్, బ్లై తయారుచేసిన ‘రిపుల్స్’ అనే, కలిసి నేర్చుకోవడానికి విద్యార్థులు ఎంత సిద్ధంగా ఉన్నారో కొలిచే 19 ప్రశ్నల స్కేలు చాలా దేశాల్లో వాడారు, కానీ దాని మీద వచ్చిన పెద్ద విమర్శే అది: మొదటి రోజే అందరూ ఎక్కువ మార్కులు వేసేస్తారు, ఇక కోర్సు తర్వాత పెరగడానికి చోటేది? పైగా ఒక పని మంచిదని ఒప్పుకోవడం వేరు, ఆ పని చేసే గుంపులో నేనూ ఒకడిని అనుకోవడం పూర్తిగా వేరు. మనిషి తను ఏ గుంపుకి చెందినవాడిని అనుకుంటాడో దాన్నిబట్టే ‘మనవాళ్లు, వాళ్లు’ అని విడదీసి చూస్తాడని మనస్తత్వ శాస్త్రవేత్తలు టాజ్‌ఫెల్, టర్నర్ 1979లోనే చెప్పారు. నర్సింగ్ విద్యార్థి నర్సుగా గర్వపడటంలో తప్పేం లేదు, ఆ గర్వం అలాగే ఉండాలి. దాంతోపాటు ఇంకాస్త పెద్ద ‘మనం’ కూడా తయారైందా అన్నదే ప్రశ్న.

నెదర్లాండ్స్‌లోని గ్రోనింగెన్‌లో యాన్-యాప్ రైండర్స్, ఆయన సహచరులు సరిగ్గా దీనికోసమే 2020లో ‘ఎపిస్’ అనే స్కేలు ప్రచురించారు. మొత్తం పన్నెండు వాక్యాలు, మూడు భాగాలు, ఒక్కోదానికి నాలుగు. వేరే వృత్తులవాళ్లతో నాకు దగ్గరితనం ఉందా, వాళ్లతో కలిసి పనిచేస్తూనే ఉండాలని ఉందా, నిర్ణయాలు అందరూ కలిసే తీసుకోవాలని నమ్ముతున్నానా. నాకిది నచ్చడానికి కారణం, ఈ మూడూ కలిసే పెరగాలని లేదు. కలిసి నిర్ణయించాలని గట్టిగా నమ్మే అమ్మాయికే ఆ టీమ్‌లో తను పరాయిదానిలా అనిపించొచ్చు. అలాంటప్పుడు మూడూ కూడి ఒకే అంకె ఇచ్చేస్తే ఆ అమ్మాయి బాధ మనకు కనపడదు.

మరి దీన్ని స్పానిష్‌లోకి తేవాలంటే? స్పానిష్ అధికార భాషగా ఉన్న దేశాలు ఇరవై. చిలీలో డాక్టర్ చదువు ఏడేళ్లు, ఫిజియోథెరపిస్టుని అక్కడ కినెసియోలోగో అంటారు, స్పెయిన్‌లో ఫిసియోతెరపెఉతా అంటారు. కాబట్టి మాడ్రిడ్‌లో ఇద్దరు అనువదించి, మరొకరు దాన్ని మళ్లీ మూలభాషలోకి తిప్పి చూసినంత మాత్రాన పని అయిపోదు. విద్యార్థుల్ని పక్కన కూర్చోబెట్టి, ‘ఈ వాక్యం చదివితే నీకేం అర్థమైంది, ఎవరు గుర్తొచ్చారు’ అని అడగాలి. టీమ్ అనగానే ఒకరికి హాస్పిటల్ వార్డు గుర్తొస్తుంది, ఇంకొకరికి తమ సొంత క్లాస్‌మేట్సే గుర్తొస్తారు. రెండోవాళ్లు వేసిన మార్కుకి ఇక్కడ అర్థమే లేదు, నిజంగా చెప్తున్నా, ఈ మెట్టు వదిలేసినవాళ్ల లెక్కలు నేను నమ్మను.

ఆ తర్వాతే గణాంకాలు. మూడు భాగాలు స్పానిష్‌లో కూడా మూడుగానే నిలుస్తున్నాయా అని ఫ్యాక్టర్ అనాలిసిస్ అనే గణాంక పరీక్ష చేస్తారు. ఆల్ఫా అనే అంకె బాగా వచ్చిందని చాలామంది అక్కడితో సంబరపడతారు, కానీ ఆల్ఫా చెప్పేది వాక్యాలు ఒకదానితో ఒకటి ఎంత పొందికగా ఉన్నాయో మాత్రమే, అవి అస్తిత్వాన్నే కొలుస్తున్నాయని కాదు. అసలు కష్టమైన పరీక్ష ఇంకోటుంది: ఒక వాక్యానికి మెడిసిన్ విద్యార్థి వేసిన 4, నర్సింగ్ విద్యార్థి వేసిన 4 ఒకటేనా? చిలీలో 4, స్పెయిన్‌లో 4 ఒకటేనా? దీన్ని మెజర్‌మెంట్ ఇన్‌వేరియన్స్ అంటారు. అది తేలకుండా ‘నర్సింగ్ వాళ్లకి టీమ్ భావన ఎక్కువ, డాక్టర్లకి తక్కువ’ అని గ్రాఫ్ గీసి చూపించడం ఆ పిల్లలకి అన్యాయం చేయడమే. రేపు దాన్ని చూసి కోర్సులు మార్చేవాళ్లు ఉంటారు మరి.

ఇంకో మాట. ఒక్కసారి కొలిచి వదిలేస్తే ఉపయోగం చాలా తక్కువ. స్పెయిన్‌లో ఫ్యామిలీ మెడిసిన్ డాక్టర్లు, ఫ్యామిలీ నర్సులు స్పెషాలిటీ శిక్షణని ఒకే ఉమ్మడి బోధన యూనిట్‌లో పొందుతారు, 2008 నాటి ప్రభుత్వ ఉత్తర్వుతో ఈ ఏర్పాటు వచ్చింది. కొలవడానికి ఇంతకన్నా మంచి చోటు ఏముంటుంది? డిగ్రీ మొదటి ఏడు ఒకసారి, మొదటి హాస్పిటల్ ప్రాక్టీస్ అయ్యాక ఒకసారి, ఈ యూనిట్‌లో చేరాక మరోసారి అడిగి చూడండి. దగ్గరితనం, కలిసి పనిచేస్తూ ఉండాలన్న కోరిక, నమ్మకం ఈ మూడింట్లో వార్డులోకి అడుగుపెట్టగానే ఏది ముందు తగ్గుతుందో, ఎవరిలో తగ్గుతుందో తెలిస్తే, ఏ సంవత్సరంలో ఏ క్లాసు కలిపి చెప్పాలో అప్పుడు మాట్లాడుకోవచ్చు. ప్రశ్నలుంటే ఇప్పుడు తీసుకుంటాను.