చెక్క గిటారు, తోలు డప్పు

(అమలాపురంలోని ఒక స్టూడియోలో జరిగిన చర్చ. కోనసీమకు చెందిన స్వతంత్ర బ్యాండు గాయకుడు, ఆ బ్యాండు కొత్త ఆల్బమ్‌కు పనిచేసిన రికార్డింగ్ ఇంజనీరు, డప్పు కళాకారుడు, వీణ అధ్యాపకురాలు పాల్గొన్నారు.)

నిర్వాహకురాలు: రెండు ఆల్బమ్‌ల నిండా సింథసైజర్లు, ఎలక్ట్రిక్ గిటార్లు వినిపించిన మీరు, మూడో ఆల్బమ్‌కు చెక్క గిటారు, వయొలిన్, డప్పుతో ఎందుకు సరిపెట్టుకున్నారు?

గాయకుడు: మేము మొదలైందే అక్కడండీ. కాలేజీ రోజుల్లో కాలువ గట్టు మీద ఒకే గిటారుతో పాడుకునేవాళ్లం. తర్వాత ట్రాకు మీద ట్రాకు పేర్చుకుంటూ పోయాం. గొంతు శ్రుతి తప్పితే కంప్యూటరు సరిచేసేది, తాళం జారితే అదే సర్దిపెట్టేది. ఒక రాత్రి వేదిక మీద కరెంటు పోయినప్పుడు, మా పాటను మేమే పాడలేక నిలబడిపోయాం. అది నన్ను చాలాకాలం వదల్లేదు.

అధ్యాపకురాలు: అయితే కరెంటు వాయిద్యం నకిలీదనీ, చెక్క వాయిద్యమే అసలైనదనీ అంటే నేను ఒప్పుకోను బాబూ. 1969లో మన పాలకొల్లులో పుట్టిన మాండలిన్ శ్రీనివాస్ కర్ణాటక సంగీతం వాయించింది ఎలక్ట్రిక్ మాండలిన్ మీదే. మామూలు మాండలిన్‌పై మీటిన స్వరం త్వరగా ఆరిపోతుంది, స్వరాన్ని ఊగిస్తూ పలికించే గమకం నిలవదు. అందుకే ఆయన జంట తీగలు వదిలి, ఒంటి తీగలు ఐదు బిగించిన ఎలక్ట్రిక్ వాయిద్యాన్ని ఎంచుకున్నారు. రాగం అడిగింది కాబట్టి తెచ్చుకున్న కరెంటు అది. మీ పాత పాటల్లో అది ఎందుకుందో మీరు చెప్పగలరా?

గాయకుడు: చెప్పలేనండీ. అందరూ వాడుతున్నారు కాబట్టి వాడాం.

ఇంజనీరు: ఈసారి అందరినీ ఒకే గదిలో కూర్చోబెట్టాం. ధ్వని సెకనుకు సుమారు 343 మీటర్లు ప్రయాణిస్తుంది కాబట్టి, 3 మీటర్ల అవతల కొట్టిన డప్పు దెబ్బ గాయకుడి మైకుకు దాదాపు 9 మిల్లీసెకన్ల తర్వాత చేరుతుంది. డప్పు దగ్గరి మైకు శబ్దాన్నీ, గాయకుడి మైకు శబ్దాన్నీ కలిపితే ఆ దెబ్బ పలచబడుతుంది. మైకులను ఎక్కడ నిలపాలో తేల్చుకోవడానికే రెండు రోజులు పట్టింది. పైగా ప్రతి వాయిద్యమూ అందరి మైకుల్లోనూ పడుతుంది కాబట్టి, ఒక్కరి తప్పును విడదీసి దిద్దడం కుదరదు. తప్పు వస్తే అందరూ పాటను మళ్లీ మొదటి నుంచి ఎత్తుకోవాలి.

నిర్వాహకురాలు: మన తేమకు డప్పు ఎలా తట్టుకుంది బాబాయ్?

డప్పు కళాకారుడు: రికార్డు చేసింది శ్రావణంలోనమ్మా. తోలు తేమ పీల్చుకుని సాగుతుంది, శ్రుతి దిగిపోతుంది. ప్రతి పాటకు ముందు బయట వరిగడ్డి మంట మీద కాచి, వేలితో తట్టి చూసి, కంగుమనగానే లోపలికి పరుగెత్తేవాణ్ణి. ఆ వేడి ఆరేలోగా పాట అయిపోవాలి.

గాయకుడు: నా గిటారు చెక్క ఆ తేమకు ఉబ్బి తీగలు పైకి లేచేవి, అలాగని మంట దగ్గరికి తీసుకెళ్తే చెక్క పగులుతుంది. అందుకని బాబాయి గుమ్మం దాటి వచ్చేసరికి మేమంతా శ్రుతి చేసుకుని సిద్ధంగా ఉండేవాళ్లం. ఒకరి కోసం ఒకరు కాచుకోవడం మాకు అంతకుముందు అలవాటే లేదు.

అధ్యాపకురాలు: చివరి పాట ఆఖరి చరణంలో డప్పు శ్రుతి దిగింది. అయినా ఉంచేశారే?

ఇంజనీరు: అదే పాటను మరోసారి పాడి రికార్డు చేసిన, అంతకంటే శుభ్రమైన టేకు ఒకటి ఉందండీ. కానీ ఈ టేకులో డప్పు మెత్తబడుతున్నకొద్దీ ఈయన గొంతు తగ్గించారు, వయొలిన్ కూడా తగ్గింది. ఎవరూ ఎవరికీ సైగ చేయలేదు.

డప్పు కళాకారుడు: నేను ఆపేద్దామనుకున్నానమ్మా. ఈ అబ్బాయి కళ్లు మూసుకుని పాడుతున్నాడు, ఆపడానికి చెయ్యి రాలేదు.