రెండో కోర్సు సంగతి

సభకు నమస్కారం. వేదిక మీదున్న పెద్దల పేర్లు ఇందాక యాంకరమ్మాయి చదివేసింది కాబట్టి నేను మళ్లీ చదవను. ఫిజియోథెరపీ పిల్లలకి జీబీఎస్, అంటే గులియన్-బారే సిండ్రోమ్ అనే నరాల జబ్బు మీద అంతర్జాతీయ పరిశోధనల గురించి చెప్పమని పిలిచారు. నేను డాక్టర్ని కాదు, పేషెంటు అన్నయ్యని. ఆ లెక్కలోనే వినండి.

జబ్బు మీకు తెలిసిందే. విరేచనాలో జ్వరమో తగ్గిన కొన్నాళ్లకి కాళ్లు తిమ్మిరెక్కి, లేవలేక, కొందరికి ఊపిరి కూడా అందక వెంటిలేటర్ దాకా పోతుంది, మన ఒంట్లోని రక్షణ వ్యవస్థే మన నరాల మీద పడుతుందన్నమాట. 1916లో గులియన్, బారే, స్ట్రోల్ అనే ముగ్గురు ఫ్రెంచి డాక్టర్లు ఇద్దరు సైనికుల్లో చూసి రాశారు. పాపం స్ట్రోల్ పేరు మధ్యలో ఎక్కడో జారిపోయింది. 2025 మొదట్లో పుణెలో కేసులొచ్చి, ఆ వెంటనే మన గుంటూరులో కూడా వినబడితే గానీ జనానికి ఈ పేరు తెలియలేదు. మా ఇంట్లో 2017లోనే తెలిసింది.

తమ్ముడు అరవై కిలోలు. ఇమ్యునోగ్లోబులిన్, అంటే దాతల రక్తం నుంచి తీసిన యాంటీబాడీల మందు, కిలోకి రెండు గ్రాముల లెక్కన ఐదు రోజుల్లో ఎక్కిస్తారు. అంటే 120 గ్రాములు, ఐదు గ్రాముల సీసాలు 24. ఫార్మసీ కుర్రాడు థర్మాకోల్ డబ్బాలో తెచ్చి, సీసా మీద స్టిక్కరు పీకి కేస్ షీటులో అంటించేవాడు. నేను స్టిక్కర్లు లెక్కపెట్టుకుంటూ కూర్చునేవాణ్ణి, ఇంకేం చేయాలి. కోర్సు అయిపోయింది, చెయ్యి లేవలేదు. "ఇంకో కోర్సు వేద్దాం, ఆలోచించుకోండి" అన్నారు. ఆలోచించడానికేముంది? అమ్మ గాజులు తాకట్టుకెళ్లాయి.

ఆ డాక్టరుగార్ని నేను తప్పుపట్టను. రెండో కోర్సు పనిచేస్తుందా అన్న ప్రశ్నకి అప్పటికి జవాబు ఎవరి దగ్గరా లేదు. నెదర్లాండ్స్ వాళ్లు, కోలుకోవడం కష్టమనిపించిన 93 మందిని తీసుకుని, సగం మందికి రెండో కోర్సు, మిగతావాళ్లకి ప్లాసిబో, అంటే మందు లేని ఉత్తుత్తి డోసు ఇచ్చి చూశారు. 2021లో ఫలితం వచ్చింది. రెండో కోర్సుతో లాభం లేదు, పైగా రక్తం గడ్డకట్టడం లాంటి ప్రమాదాలు ఎక్కువయ్యాయి. ఆ వార్త చదివిన రోజు నాకు గాజులే గుర్తొచ్చాయి, చెప్పడానికి సిగ్గేముంది. అంతకుముందు, 1997లోనే, 383 మందితో పలు దేశాల్లో చేసిన ట్రయల్లో ప్లాస్మా మార్పిడీ (రక్తంలోని ద్రవాన్ని తీసేసి మార్చడం) ఇమ్యునోగ్లోబులినూ ఒకే పని చేస్తాయనీ, రెండూ కలిపితే అదనంగా ఒరిగేదేమీ పెద్దగా లేదనీ తేలింది. రెండూ చేయించమని మీ పేషెంట్లకి ఎవరైనా చెబితే ఇది గుర్తుపెట్టుకోండి.

పరిశోధన అంటే రోటర్‌డామ్, లండనే అనుకుంటాం గానీ నాకు బాగా నచ్చింది ఢాకాలో జరిగింది. అక్కడ అప్పట్లో ఇమ్యునోగ్లోబులిన్ కోర్సుకి 12 నుంచి 16 వేల డాలర్లు, ఎవరు కొంటారు? అందుకని ప్లాస్మా మార్పిడినే యంత్రం లేకుండా చేశారు: రక్తాన్ని బ్యాగులోకి తీసి, స్టాండుకి వేలాడదీసి, ఎర్రకణాలు అడుక్కి దిగేదాకా ఆగి, పైన తేలిన ప్లాస్మా తీసేసి, కణాల్ని మళ్లీ ఎక్కించారు. ఎనిమిది రోజులు అదే పని, రోజుకి చాలాసార్లు. దాదాపు 500 డాలర్లతో అయిపోయింది. 2018లో అచ్చయిన ఆ అధ్యయనంలో 20 మందే ఉన్నారు, సురక్షితంగా చేయొచ్చని మాత్రమే తేలింది, బాగా పనిచేస్తుందని తేల్చాలంటే ఇంకా పెద్ద ట్రయల్ కావాలి. అయినా తక్కువ ఖర్చుతో చేయలేమా అన్న ప్రశ్న అడిగింది మాత్రం వాళ్లే కదండీ.

టైమ్ అయిందని చీటీ వచ్చింది. ఇంకొక్క ముక్క. 2012లో మొదలైన ఐగోస్ అనే అంతర్జాతీయ అధ్యయనం పలు ఖండాల జీబీఎస్ పేషెంట్లని ఏళ్ల తరబడి గమనించింది. బంగ్లాదేశ్‌లో స్పర్శ బాగానే ఉండి కదలిక మాత్రమే పోయినవాళ్లు ఎక్కువ, యూరప్‌లో రెండూ దెబ్బతిన్నవాళ్లు ఎక్కువ అని అందులో బయటపడింది. మరి మన దగ్గర ఎలా ఉంది? మీ వార్డులో జీబీఎస్ పేషెంటు ఏ రోజు నడక మానేశాడు, ఏ రోజు మళ్లీ నిలబడ్డాడు అన్నది మీ కేస్ షీటులో సరిగ్గా రాయండి బాబూ, వెనక వరసలో ఫోన్ చూస్తున్నవాళ్లకి కూడా చెబుతున్నా. రోజూ పేషెంటుని చేత్తో పట్టుకుని నిలబెట్టేది మీరే.

డాక్టర్లెవరైనా ఉంటే మీకో ప్రశ్న. రెండో కోర్సు ఇంకా రాస్తున్నారా? చెయ్యెత్తక్కర్లేదు, బయట టీ దగ్గర చెప్పినా చాలు.