పెళ్లికీ, పిల్లలకీ, పోర్ట్రెయిట్‌కీ ఒకే లెన్స్ | టామ్రాన్ 28-75 జీ2 రివ్యూ, తిరుపతి నుంచి

నమస్తే అన్నా, నమస్తే అక్కా. తిరుపతి నుంచి మాట్లాడుతున్నాను.

ఈరోజు నా చేతిలో ఉండేది టామ్రాన్ 28-75 ఎఫ్ 2.8, జీ2. జీ2 అంటే రెండో వెర్షన్. సోనీ కెమెరాలకు తగిలే 'E' మౌంట్‌ది. ఇది జూమ్ లెన్స్, 28లో వెడల్పుగా, 75లో దగ్గరగా కనపడుతుంది. ఎఫ్ అంకె ఎంత చిన్నదైతే వెలుతురు అంత ఎక్కువ, వెనక అంత మసక. నా డబ్బుతో కొన్నదే, ఎవరూ పంపించలేదు. 2021లో వచ్చిన లెన్స్‌కు ఇప్పుడు రివ్యూ ఏందని అడుగుతారేమో. మూలల్లో షార్ప్‌నెస్ ఎంత, చార్టులో గీతలు ఎట్లా వచ్చినాయి అని చూపించే వీడియోలు బోలెడున్నాయి. నేను వేరే సంగతి చెప్పాలి.

మన ఫోటోగ్రఫీ లైన్‌లో ఉండేవాళ్ల ఇంటికి పోయి ఒకసారి చూడండి. ఊరందరి పెళ్లిళ్లూ తీసిన మనిషి ఇంట్లో సొంత పిల్లల ఫోటోలు మటుకు ఫోన్‌లో తీసినవే ఉంటాయి. సీజన్‌లో ఇంటిపట్టున ఉండరు. సీజన్ అయిపోయి ఇంటోళ్లతో ఎక్కడికైనా బయల్దేరితే, ఆ బరువు బ్యాగును మళ్లీ భుజానికి తగిలించుకోబుద్ధి కాదు. ఆ పిల్లలు పెద్దయినాక ఫోటోలేవి నాయనా అని అడిగితే ఏం చూపిస్తాం? అందుకే నా వరకు లెన్స్‌కు మొదటి పరీక్ష ఇదే. ఇంటోళ్లతో టూర్ పోయేటప్పుడు అది మనతో వస్తుందా, బీరువాలోనే ఉండిపోతుందా?

దీని బరువు 540 గ్రాములు. సోనీ వాళ్ల ఖరీదైన రకం 24-70 జీఎం రెండో వెర్షన్ 695. టామ్రాన్‌దే 35-150 ఉంది, పెళ్లిళ్లు తీసేవాళ్లకు అదంటే ప్రాణం, అది 1165 గ్రాములు. దాంతో పెళ్లి బ్రహ్మాండంగా వస్తుంది, కాదనను. కానీ ఒక చేత్తో దాన్ని, ఇంకో చేత్తో చంటిబిడ్డను పట్టుకోని తలకోన దారిలో నడవండి చూద్దాం.

తలకోన ఎత్తినాను కాబట్టి అక్కడి సంగతే చెప్తాను. జలపాతం 270 అడుగులు. దగ్గరికి పోయేకొద్దీ తుంపర వచ్చి లెన్స్ మీద పడుతుంది. తేమ లోపలికి పోకుండా దీనికి సీలింగ్ ఉంది, ముందు గాజుకు ఫ్లోరిన్ పూత ఉంది, మెత్తటి గుడ్డతో ఒకసారి తుడిస్తే చుక్కలు పోతాయి. అట్లాగని నీళ్లలో ముంచేది కాదు. పిల్లలు ఒకరిమీద ఒకరు నీళ్లు చల్లుకుంటా ఉంటే మీరు నాలుగడుగులు వెనక్కి జరిగి 75లో తీయండి. లెన్స్‌లో స్టెబిలైజేషన్, అంటే చేతి వణుకును సరిచేసేది, లేదు. నీళ్ల ధార పాలమాదిరి రావాలని షట్టర్ తగ్గిస్తే మొత్తం కెమెరా బాడీలో ఉండే స్టెబిలైజేషన్ మీదే ఆధారం. సోనీ ఏ7 త్రీ, ఏ7 ఫోర్ కెమెరాలు వాడేవాళ్లకు ఇబ్బంది లేదు, 28 దగ్గర సెకనులో ఎనిమిదో వంతు దాకా ఊపిరి బిగబట్టి చేత్తోనే తీయొచ్చు. ఏ6400 లాంటి, చిన్న సెన్సార్ ఉండే క్రాప్ బాడీ అయితే ఇది వద్దు. అందులో 28 కాస్తా 42 అయిపోతుంది, బాడీలో స్టెబిలైజేషన్ కూడా ఉండదు. వాళ్లకు టామ్రాన్‌దే 17-70 ఉంది, అది చూసుకోండి.

కొండమీద దర్శనానికి పోయేటప్పుడు మాత్రం దీన్ని ఇంట్లోనే పెట్టి పోండి. గుడిలోకి కెమెరా పోదు, ఫోన్ కూడా పోదు.

పిల్లల వెంట తిరిగేటప్పుడు జరిగే ఇంకో మేలుంది. వాళ్లు నిలబడరు కదా. ఇప్పుడు కాళ్ల దగ్గర ఉంటారు, మళ్లీ చూస్తే చెట్టెక్కి ఉంటారు. జూమ్ రింగ్ తిప్పీ తిప్పీ ఎంత తిప్పితే ఎంత దగ్గరవుతుందో వేళ్లకు తెలిసిపోతుంది. ఆ అలవాటే పెళ్లిలో అక్కరకొస్తుంది.

పెళ్లిలో అసలు పరీక్ష ముహూర్తం. తెర అడ్డం పట్టుకోని ఉంటారు. ఇటు పెళ్లికూతురు, అటు పెళ్లికొడుకు, ఇద్దరి చేతుల్లో తమలపాకు మీద జీలకర్ర బెల్లం. అయ్యోరు మంత్రం చెప్తా చెప్తా గడియారం వైపు చూస్తా ఉంటాడు. మనకు దొరికేది కాళ్లు పెట్టుకునేంత చోటు. ఒక పక్క వీడియో అబ్బాయి, ఇంకో పక్క ఫోన్లు పైకెత్తిన మేనత్తలు. గట్టిమేళం మొదలవుతుంది, ఒకరి తల మీద ఒకరు చెయ్యి పెడతారు, తెర తీస్తారు. ఆ తీసినప్పుడు ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకుంటారు చూడండి, పెళ్లి ఆల్బమ్ మొత్తంలో నాకు అన్నిటికన్నా విలువైన ఫోటో అదే. అడిగి మళ్లీ చేయించేది కాదు.

అక్కడ నాకు రెండు ఫ్రేములు కావాల. తెర దిగతా ఉండగా ఇద్దరూ కలిసి ఉండేది 28లో. వెంటనే 75కు పోయి పెళ్లికూతురి కళ్లు. లెన్స్ మార్చే సందే లేదు. ఈ లెన్స్‌లో ఫోకస్ మోటార్ చప్పుడు చెయ్యదు, కంటిని పట్టిందంటే జూమ్ చేసినా పట్టే ఉంటుంది. బాసికం కిందికి జారి కనుబొమ్మల మీదికి వచ్చినప్పుడు మటుకు ఒక్కోసారి ఫోకస్ దాని మీదికి దూకుతుంది. అందుకే వరుసగా నాలుగైదు లాగండి, ఒక్కదానితో ఆగొద్దు.

దీని లోటు తెలిసొచ్చేది కూడా అక్కడే. 24 లేదు, 28 నుంచే మొదలు. తేడా నాలుగే కదా అనుకోవద్దు. 28లో కోణం సుమారు 75 డిగ్రీలు, 24లో 84. పెద్ద కల్యాణమండపంలో పట్టించుకోబల్లేదు. కొండమీద మఠాల్లోనో, తిరుచానూరు వైపు చిన్న హాల్లోనో పెళ్లయితే వెనక్కి జరిగితే గోడ తగులుతుంది. గ్రూప్ ఫోటోలో రెండు కొసల్లో నిలబడిన పెద్దమ్మా పెదనాయనా ఫ్రేములో పడేదీ పడనిదీ ఆ తొమ్మిది డిగ్రీల్లోనే ఉంటుంది. అట్లాంటి హాళ్లే మీకు ఎక్కువగా వస్తుంటే బ్యాగులో ఒక చిన్న 20 లెన్స్ పెట్టుకోండి, లేదా జీఎం కొనండి. జీఎం ధరలో సగం కూడా ఉండదు ఇది, ఆ లెక్క కూడా చూసుకోండి.

లైట్ల సంగతి. మన కరెంటు 50 హెర్ట్జ్. చవక ఎల్ఈడీ లైట్లు సెకనుకు 100 సార్లు మినుకుతాయి, కంటికి తెలియదు గానీ ఫోటోలో అడ్డ చారలు పడతాయి. షట్టర్ 50లోనో 100లోనో, అంటే సెకనులో 50వ వంతో 100వ వంతో, పెడితే పోతాయి. వెనక ఎల్ఈడీ వాల్ ఉంటే దాని లెక్క వేరు, ముహూర్తానికి ముందే నాలుగు టెస్టులు తీసి చూసుకోండి. తలంబ్రాలకు 100 చాలదు, బియ్యం గీతలు గీతలుగా వస్తాయి. అప్పుడు 250లో పెట్టి ఫ్లాష్ కొట్టండి. ఫ్లాష్ వెలుగు ఉండేదే రెప్పపాటు కన్నా తక్కువ కాబట్టి ప్రతి గింజా గాల్లో ఆగిపోతుంది.

మంగళసూత్రం క్లోజప్‌కు అతి దగ్గర్నుంచి తీసే మ్యాక్రో లెన్స్ వేరే మోసుకుపోబల్లేదు. 28 దగ్గర ఇది 18 సెంటీమీటర్ల దాకా ఫోకస్ అవుతుంది. కాకపోతే ఆ 18 కొలిచేది సెన్సార్ నుంచి. లెన్స్ పొడుగు తీసేస్తే ముందు గాజుకూ సూత్రానికీ మధ్య మిగిలేది నాలుగైదు సెంటీమీటర్లే. లెన్స్ ముందు తగిలించే హుడ్ తీసేయాల, లేకపోతే దాని నీడే బంగారం మీద పడుతుంది. లైటు పక్క నుంచి రానీండి.

ఇప్పుడు పోర్ట్రెయిట్. మన ఊరి సొంత పోర్ట్రెయిట్ ఒకటుంది. కల్యాణకట్టలో తలనీలాలిచ్చి, దర్శనం చేసుకోని కిందికి దిగినాక తాత దగ్గర్నుంచి చంటోడి దాకా గుండ్లతో, గుండు నిండా చందనంతో ఫోటో దిగతారు. ఆ లేత రంగు ఫ్రేములో ఎక్కువైతే కెమెరా మీటర్ వెలుతురు ఎక్కువైందనుకోని తగ్గించేస్తుంది, కింద ముఖాలు నల్లబడతాయి. ఎక్స్‌పోజర్ ప్లస్ 0.7 పెట్టండి. రంగులను కెమెరానే సర్దే ఆటో వైట్ బ్యాలెన్స్ ఆ పసుపును సరిచెయ్యబోయి ముఖాలకు నీలం పట్టిస్తుంది, అందుకని 5500 కెల్విన్‌లో కట్టేయండి. చందనం లేని గుండు మీద ఫ్లాష్ తెల్లచుక్కలాగా మెరుస్తుంది. గొడుగు వేసి, లైటును పక్కకు జరిపి, ఎత్తులో పెట్టండి. రెండు వరసలుంటే ఎఫ్ 2.8 అస్సలు వద్దు, 5.6. లేదంటే వెనకుండే అవ్వ ముఖం మసక అయిపోతుంది. ఎండలో పనిచేసే రైతుకు నుదుటి దగ్గర గీత గీసినట్టు ఉంటుంది, పైన తెలుపు, కింద నలుపు. దాన్ని ఎడిటింగ్‌లో చెరపొద్దు. ఆయన అది దాచుకోవడానికి రాలేదు, మొక్కు తీర్చుకోని వచ్చినాడు.

వెనక కొండ కనపడాలని అందరూ అడుగుతారు. 28లో పెట్టి దగ్గరికి పోతే కొండ చిన్నగా అయిపోతుంది. 75లో పెట్టి మీరు వెనక్కి జరగండి. మనుషులు అంతే ఉంటారు, కొండ పెరిగి వాళ్ల వెనకే నిలబడినట్టు వస్తుంది.

డాక్టర్లు, లాయర్లు, లెక్చరర్లు, బోర్డుకో వెబ్‌సైట్‌కో తీయించుకునేవాళ్లకు కూడా 75 సరిపోతుంది. చిన్న క్లినిక్ గదిలో వెనక బీరువా, క్యాలెండర్ మసకబారాలంటే మాత్రం ఎఫ్ 2.8 చాలదు. రోజూ అదే పని అయితే సోనీ 85 ఎఫ్ 1.8 కూడా తీసుకోండి. 371 గ్రాములే, ఫిల్టర్ సైజు రెండింటికీ 67, ఒక ఫిల్టర్ కొంటే చాలు.

ఆఖరికి, సెకండ్ హ్యాండ్‌లో కొనేవాళ్లు జాగ్రత్త. 2018లో వచ్చిన మొదటి వెర్షన్ మోడల్ నంబర్ ఏ036. ఈ జీ2ది ఏ063. పేరు ఒకటే, అంకెలు తారుమారు, ఫోన్‌లో ఫోటో చూసి అడ్వాన్సు పంపేస్తే మోసపోతారు. జీ2 అయితే పక్కన ఒక బటన్, ఒక యూఎస్‌బీ సీ పోర్టు ఉంటాయి. దీనికి ఆటో ఫోకస్, మాన్యువల్ ఫోకస్ మార్చే ఏఎఫ్, ఎంఎఫ్ స్విచ్ లేదు, కంప్యూటర్‌కు తగిలించి ఆ పని బటన్‌కు అప్పజెప్పుకోవచ్చు. పాత దానికి బటనూ లేదు, పోర్టూ లేదు. ఆ రెండూ కళ్లతో చూసి, మీ బాడీకి తగిలించి నాలుగు ఫోటోలు తీసి, అప్పుడు డబ్బులియ్యండి.