హార్న్‌లు లేని రికార్డు, హార్న్‌లున్న రికార్డు: గ్రెగ్ ఆల్మన్ రెండు కచేరీలు

అందరికీ నమస్కారం.

ఇవాళ రెండు రికార్డులు తెచ్చాను. రెండూ కచేరీలో పట్టినవే, రెండింటిలోనూ గొంతు ఒకరిదే, రెండూ ఒకే పాటతో మొదలవుతాయి. మొదటిది 1971 మార్చిలో న్యూయార్క్‌లో ఆల్మన్ బ్రదర్స్ బ్యాండ్ పాడగా పట్టిన 'ఎట్ ఫిల్‌మోర్ ఈస్ట్'. ఆ బ్యాండులో పాడుతూ ఆర్గన్ వాయించిన గ్రెగ్ ఆల్మన్‌కి అప్పుడు 23 ఏళ్లు. రెండోది 2014 జనవరి 14న జార్జియా రాష్ట్రం మేకన్‌లో, గ్రాండ్ ఒపెరా హౌస్‌లో పట్టిన 'బ్యాక్ టు మేకన్'. అప్పటికి ఆయనకు 66 నిండాయి, కాలేయ మార్పిడి జరిగి మూడున్నరేళ్లయింది. మేకన్ ఆ బ్యాండ్ పెరిగిన ఊరు. ఆ రికార్డు 2015 ఆగస్టులో బయటికొచ్చింది, 2017 మే 27న గ్రెగ్ పోయారు.

మొదటి పాట 'స్టేట్స్‌బరో బ్లూస్'. బ్లైండ్ విల్లీ మెక్‌టెల్ 1928లో ఒక్క గిటారుతో పాడిన పాట. స్టేట్స్‌బరో కూడా జార్జియాలోని ఊరే. మేకన్ రికార్డులో ఈ పాటకి హార్న్‌లు, అంటే సాక్సోఫోన్లు, ట్రంపెట్, నిండుగా వినిపిస్తాయి. ఫిల్‌మోర్ రికార్డులో అవి లేవు. నిజానికి అక్కడ కూడా సాక్సోఫోన్ వాళ్లు వేదిక ఎక్కారు. రికార్డులోకి మాత్రం రాలేదు. ఎందుకు రాలేదో తెలిస్తే కచేరీ రికార్డింగు పనిలో సగం తెలిసినట్టే.

ఫిల్‌మోర్ ఈస్ట్ మన్‌హట్టన్‌లో సెకండ్ అవెన్యూ మీద బిల్ గ్రాహం నడిపిన హాలు. మార్చి 11, 12, 13 తేదీల్లో జానీ వింటర్, ఎల్విన్ బిషప్ బృందాలతో కలిపి కచేరీలు. రికార్డింగు యంత్రాలు హాలు బయట ట్రక్కులో, అది 16 ట్రాకుల ఏర్పాటు, అంటే ఒకే టేపు మీద పదహారు వరసల్లో శబ్దాన్ని విడివిడిగా పట్టొచ్చు. నిర్మాత టామ్ డౌడ్. ఆఫ్రికాలో, ఘనాలో జరిగిన ఓ పెద్ద కచేరీ రికార్డింగు ముగించుకుని న్యూయార్క్‌లో దిగి, తిన్నగా ఈ పనిలోకి వచ్చారు. ట్రక్కులో కూర్చుని వింటుంటే ముందు చెప్పని సాక్సోఫోన్ మోగింది. శ్రుతి కలవడం లేదు. పైగా ఆ మోత మిగతా మైకులన్నిట్లోకీ పాకుతోంది. ఆట అయ్యాక డౌడ్, గ్రెగ్ అన్న, గిటారిస్టు డ్వేన్ ఆల్మన్‌తో హార్న్‌లు తీసెయ్యమన్నారు.

'ఆ ట్రాకు ఒక్కటి మూసేస్తే పోదా?' అని అడగొచ్చు. పోదు. లెక్క చూడండి. ఆ బ్యాండులో ఇద్దరు డ్రమ్మర్లు, బుచ్ ట్రక్స్, జైమో. ఒక్కో సెట్టుకు కనీసం మూడు ట్రాకులు అనుకుంటే ఆరు. బేస్ ఒకటి, గిటార్లు రెండు, ఆర్గన్‌కు రెండు, గొంతుకు ఒకటి, మౌతార్గన్‌కు ఒకటి, చేతి వాద్యాలకు ఒకటి, జనం చప్పుడుకు రెండు. పదహారూ అయిపోయాయి. ఇది వాళ్ల అసలు ట్రాక్ షీటు కాదు, ఆ రోజుల్లో ఎవరు పంచినా ఇంచుమించు ఇలాగే పంచాలి. ఇందులో సాక్సోఫోన్‌కి చోటెక్కడ? ఇంకెవరి ట్రాకులోనో ఇరికించాలి. ఇరికించాక విడదీసే దారి లేదు.

పోనీ విడి ట్రాకే ఇచ్చారనుకుందాం. మైకు పెట్టడంలో ఒకటికి మూడు అనే లెక్క ఉంది. వాద్యానికి 10 సెంటీమీటర్ల దూరంలో మైకు పెడితే, పక్క మైకు కనీసం 30 సెంటీమీటర్లు ఎడంగా ఉండాలి. అప్పుడు పక్క మైకులో పడే శబ్దం సుమారు 9 డెసిబెల్స్ తగ్గుతుంది. అయితే ఈ లెక్క రెండు వాద్యాల మోతా సమానమైనప్పటి మాట. వెనక 50 వాట్ల వాల్వ్ మార్షల్ ఆంప్లిఫయర్లు నిండుగా మోగుతుంటే సాక్సోఫోన్ మైకులో గిటారు పడుతుంది. డ్రమ్ముల మీద వేలాడే మైకుల్లో, పాటగాడి మైకులో సాక్సోఫోన్ పడుతుంది. పది మైకుల్లో కొంచెం కొంచెంగా ఉన్న అపస్వరాన్ని ఒక ఫేడరు (ట్రాకు మోతను పెంచి దించే మీట) దించి తీయలేం. స్టూడియోలో తిరిగి వాయించి అతికిద్దామన్నా కింద పాతది దెయ్యంలా వినిపిస్తూనే ఉంటుంది. అంటే హార్న్ మోగిన పాట మొత్తం పోయినట్టే. డౌడ్ కంగారంతా అందుకే.

ఆ రాత్రుల్లో ఆట ముగియగానే బ్యాండు అట్లాంటిక్ స్టూడియోకు వెళ్లి టేపులు వినేది. ఏ పాట పనికొచ్చింది, ఏది మర్నాడు మళ్లీ వాయించాలి అని అక్కడే తేల్చుకున్నారు. నా దృష్టిలో ఆ రికార్డు బాగుండటానికి వాయింపు ఎంత కారణమో ఈ అలవాటూ అంతే కారణం. కచేరీ అయ్యాక మూడు నెలలకు వినేవాళ్లకు తప్పు దిద్దుకునే రెండో రాత్రి ఉండదు.

వేదిక నుంచి ట్రక్కుకు సిగ్నల్ ఎలా వెళ్తుందో ఒక మాట. ప్రతి మైకు తీగా స్ప్లిటర్ దగ్గర రెండుగా చీలుతుంది. ఒకటి హాలు మిక్సర్‌కు, ఒకటి ట్రక్కుకు. ట్రక్కుకు వేరే కరెంటు, వేరే ఎర్తు. రెండు ఎర్తులు మైకు తీగ కవచం ద్వారా కలిస్తే హమ్ము, అంటే గుయ్యిమనే మోత, మొదలవుతుంది. అమెరికాలో 60, 120 హెర్ట్‌జ్ దగ్గర, మన దగ్గర 50, 100 దగ్గర. అందుకే స్ప్లిటర్‌లో ట్రాన్స్‌ఫార్మర్ ఉంటుంది, ట్రక్కు వైపు ఎర్తు విప్పేసే స్విచ్ ఉంటుంది. ఆ స్విచ్ బదులు ఆంప్లిఫయర్ ప్లగ్గులో ఎర్తు పిన్ను పీకేసేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. హమ్ము పోతుంది. గిటారు తీగ పట్టుకుని మైకుకు పెదవి ఆనించినవాడి ప్రాణమూ పోవచ్చు.

ఇక టేపు. 2,500 అడుగుల రీలు సెకనుకు 15 అంగుళాల వేగంతో 33 నిమిషాలు వస్తుంది, 30 అంగుళాలైతే 16 నిమిషాలు చిల్లర. 'విప్పింగ్ పోస్ట్' 23 నిమిషాల వాయింపు. 'మౌంటెన్ జామ్' 33 దాటింది. ఇలాంటి బ్యాండుకు రెండు యంత్రాలు ఉండాలి, మొదటిది అయిపోకముందే రెండోది తిరుగుతూ ఉండాలి. రీలు ఎప్పుడు మార్చాలో చూసే మనిషి పాట వింటూ కూర్చుంటే అంతే సంగతులు. ఎల్పీకి మరో హద్దు. ఒక వైపు 20 నిమిషాలు దాటేకొద్దీ గాడులు దగ్గరవుతాయి, మోత తగ్గించాలి, బేస్ పలచబడుతుంది. అందుకే ఫిల్‌మోర్‌లో ఏడే పాటలకు రెండు డిస్కులు పట్టాయి, 'విప్పింగ్ పోస్ట్' నాలుగో వైపంతా తినేసింది. 'మౌంటెన్ జామ్'ని మరుసటి ఏడాది 'ఈట్ ఎ పీచ్'లో రెండు ముక్కలు చేసి, రెండో వైపున, నాలుగో వైపున వేశారు.

బ్లేడు కూడా పడింది. 'స్టార్మీ మండే'లో థామ్ డూసెట్ మౌతార్గన్ సోలో ఉంది, 1971 ఎల్పీలో అది కోసేశారు. ఆ పాట అప్పుడు తొమ్మిది నిమిషాల లోపు. 1992లో సోలో తిరిగి చేర్చినప్పుడు పది దాటింది. కోత ఎలాగంటే, టేపును చేత్తో ముందుకీ వెనక్కీ లాగుతూ డ్రమ్ము దెబ్బ సరిగ్గా ఎక్కడ మొదలవుతుందో పట్టుకుని, పెన్సిల్‌తో గుర్తు పెట్టి, 45 డిగ్రీల గాడిలో బ్లేడుతో కోస్తారు. నిమిషానికి 120 దెబ్బల పాటలో, 15 అంగుళాల వేగంలో ఒక్కో దెబ్బకు ఏడున్నర అంగుళాల టేపు. అర అంగుళం తేడా వచ్చిందంటే పాట కుంటుతుంది. ఇంకో ఇబ్బంది డ్రమ్ముల పక్కనుండే తాళపు బిళ్ల (సింబల్). దాని మోత నాలుగైదు సెకన్లు సాగుతుంది, కోత దగ్గర తోక తెగితే అక్కడ కోశారని ఎవరికైనా తెలిసిపోతుంది.

'విప్పింగ్ పోస్ట్' దగ్గర కాస్త ఆగుదాం. గ్రెగ్ రాసిన పాట. మొదలు 11 దెబ్బల మీద నడుస్తుంది: తకిట తకిట తకిట తక. చేత్తో వేసి చూడండి, మూడు, మూడు, మూడు, రెండు. రాసినప్పుడు అది పదకొండని గ్రెగ్‌కే తెలియదు, చెప్పింది అన్న డ్వేన్. మన తిస్ర జాతి ధ్రువ తాళం కూడా 11 అక్షరాలే: లఘువు, ద్రుతం, లఘువు, లఘువు. అంటే మూడు, రెండు, మూడు, మూడు. ఆ తాళాన్ని మూడో అంగం నుంచి ఎత్తుకుంటే సరిగ్గా ఈ వరసే వస్తుంది. వాళ్లు మన దగ్గర నేర్చుకున్నారని కాదు, తాళం వేసే అలవాటున్నవాళ్లకు ఇది చిక్కు కాదని చెప్తున్నానంతే. గొంతు అందుకోగానే పదకొండు పోయి ఆరు మీదికి వస్తుంది. ఎడిటింగులో ప్రమాదకరమైన చోటు అదే. పదకొండులో ఒక 'తక' జారితే వినేవాడికి తప్పెక్కడో తెలియదు గాని కాలు తడబడుతుంది.

మేకన్ రికార్డులో ఈ పాటా ఉంది, 'హాట్‌లాంటా' కూడా ఉంది. టేపు అయిపోతుందన్న బెంగ, పదహారు ట్రాకుల పేదరికం ఆ నాటికి లేవు. హార్న్‌ల నోటికే చిన్న మైకు బిగించి, ఒక్కోదానికి ఒక్కో ట్రాకు ఇవ్వడం ఇప్పటి వాడుక. జనం మైకుల బాధా తీరింది. వేదికకు 20 మీటర్ల దూరంలో మైకు ఉంటే శబ్దం అక్కడికి చేరడానికి 59 మిల్లీసెకన్లు పడుతుంది, స్నేర్ డ్రమ్ము దెబ్బ రెండుసార్లు వినిపిస్తుంది. అప్పట్లో పాట నడుస్తున్నంతసేపూ ఆ ఫేడర్లు దించి ఉంచడమే దారి, ఇప్పుడు ఆ ట్రాకు అంత ముందుగా మోగేలా కంప్యూటర్లో జరిపితే సరి.

మారనిది ఆర్గన్. హ్యామండ్ బీ-3 ఆర్గన్‌కి లెస్లీ అనే స్పీకర్ పెట్టె. 800 హెర్ట్‌జ్ పైన ఉన్నది పై గొట్టంలోంచి, కింద ఉన్నది కింది డ్రమ్ములోంచి, రెండూ తిరుగుతూ. పైన ఎదురెదురుగా రెండు మైకులు, కింద ఒకటి. వేగం పెంచితే గొట్టం నిమిషానికి 400 చుట్ల దాకా తిరుగుతుంది. మైకు మరీ దగ్గర పెడితే గాలి 'ఫట్ ఫట్' మని కొడుతుంది, ఒక అడుగు వెనక్కి లాగాలి. పక్కనే డ్రమ్ములుంటే అడుగు ఎక్కువే. అక్కడ మళ్లీ ఒకదాని మోత ఇంకోదాని మైకులోకి పాకే పాత తగాదా మొదలు.

గొంతు సంగతి మీరే వినండి. 23 ఏళ్లకే ముసలి గొంతుతో పాడిన మనిషికి 66లో ఆ వయసు నిజంగా వచ్చింది. పై స్థాయిలో నిలపడం తగ్గింది, మాట వదిలే చోటు మారింది, పల్లవి చివర కొన్ని మాటలు తాళం కంటే కాస్త వెనక పడతాయి. నాకది లోపంగా అనిపించదు.

ముందు 1971 'స్టేట్స్‌బరో బ్లూస్' వేస్తున్నాను. స్లయిడ్ ఎటు వినిపిస్తే అటు డ్వేన్, వేలికి తొడుక్కున్నది జలుబు మాత్రల గాజు సీసా. వెంటనే 2014ది. అందులో గొంతు తర్వాత హార్న్‌లు ఎక్కడ అందుకుంటాయో గుర్తు పెట్టుకుని, మళ్లీ 1971లో అదే చోట ఏముందో విందాం. ఆ స్పీకర్ ముందున్న కుర్చీ కాస్త జరపండి.