స్పేస్ గేమ్ సర్వేనా, వసూళ్లా? స్టూడియోలో వేడెక్కిన చర్చ

(బెంగళూరు మారతహళ్లిలోని ఒక తెలుగు యూట్యూబ్ స్టూడియోలో జరిగిన చర్చ ఇది. ముగ్గురు ఒకేసారి మాట్లాడిన చోట వినిపించినంత వరకే రాశాం.)

యాంకర్: నమస్కారం. ఈ వారం బెంగళూరు తెలుగు గేమర్ల వాట్సాప్ గ్రూపుల్లో ఒకటే గొడవ. ఇక్కడి చిన్న గేమ్ స్టూడియో ఒకటి ఆన్‌లైన్ మల్టీప్లేయర్ స్పేస్ గేమ్ చేద్దామని సర్వే ఫారం పంపింది. ఆఖర్న ‘మీ ఓడను 499 రూపాయలకు ముందే బుక్ చేసుకోండి’ అని బటన్! ఓడ లేదు, గేమూ లేదు. స్టూడియో వాళ్లను పిలిచాం, రాలేదు. నలుగురికీ సమానంగా టైమ్ ఇస్తాను. ముందు రీసెర్చర్ మేడమ్.

రీసెర్చర్: థాంక్యూ అండీ. ‘మీకు స్పేస్ గేమ్ ఇష్టమా’ అంటే ఎవరైనా ఇష్టమే అంటారు. మాటకు ఖర్చు లేదుగా. అందుకే బటన్ పెట్టి ఎంతమంది నొక్కుతారో చూస్తారు, పాత పద్ధతే. కాకపోతే నొక్కగానే ‘ఇది ఇంకా తయారు కాలేదు’ అని చెప్పి అక్కడే ఆపాలి. వీళ్లు...

కన్సల్టెంట్: యూపీఐకి తీసుకెళ్లారు! మేడమ్, పద్ధతులు పక్కన పెట్టండి. స్టార్ సిటిజన్ అనే స్పేస్ గేమ్ 2012లో చందాలు మొదలుపెట్టింది. 70 కోట్ల డాలర్లు దాటాయి. ఇవాళ్టికీ ఆల్ఫానే, అంటే పూర్తికాని వెర్షనే! ఓడల బొమ్మలు అమ్ముకుని బతుకుతోంది.

విద్యార్థి: బొమ్మలు కాదు సార్, వాటిలో ఎగురుతున్నాం. నేనే ఆడుతున్నా...

కన్సల్టెంట్: ఆడేది నువ్వు, కట్టేది మీ నాన్న. (నవ్వులు)

యాంకర్: నాకొకటి అర్థం కాదు. ఇస్రో హెడ్డాఫీసు ఈ ఊళ్లోనే ఉంది. 2023 ఆగస్టు 23న చంద్రయాన్-3 దిగుతుంటే యూట్యూబ్ లైవ్‌లో ఒకే సమయంలో 80 లక్షల మంది ఉన్నారు. వాళ్లంతా మన మార్కెట్టే కదా?

రీసెర్చర్: చూసేవాళ్లు వేరు, ఆడేవాళ్లు వేరు, ఆర్నెల్ల తర్వాత కూడా డబ్బు కట్టేవాళ్లు వేరండీ. ఈవ్ ఆన్‌లైన్ అనే స్పేస్ గేమ్ సంగతే...

డెవలపర్: అది నేను చెప్తాను. ఐస్‌లాండ్ కంపెనీ సీసీపీ 2003లో తెచ్చింది. అప్పటికి ఆ దేశం జనాభా మూడు లక్షలకు అటూ ఇటూ. సొంతూరి మార్కెట్ చూసుకుని ఉంటే ఆ గేమ్ పుట్టేదే కాదు. 2007లో ఒక ఆర్థికవేత్తను ఉద్యోగంలో పెట్టుకున్నారు, గేమ్ లోపలి ధరలు గమనించడానికి. ఎంత ఖనిజం తవ్వారు, ఎన్ని ఓడలు పేలిపోయాయి, నెలనెలా లెక్కలు బయట పెడతారు. మనలాంటి వాళ్లు చదువుకోవడానికి అంతకంటే ఏం కావాలి?

కన్సల్టెంట్: 2003 కథలు నాకెందుకు! కాంకర్డ్ గేమ్ సంగతి చెప్పండి. 2024 ఆగస్టు 23న సోనీ విడుదల చేసింది, సెప్టెంబర్ 6న సర్వర్లు ఆపేసింది. కొన్నవాళ్లకు డబ్బు వాపసు. సోనీ దగ్గర రీసెర్చ్ లేదా?

డెవలపర్: అది షూటర్ సార్, కాల్పుల గేమ్, దానికీ దీనికీ...

కన్సల్టెంట్: అంతరిక్షమే కదా!

విద్యార్థి: హెల్‌డైవర్స్ 2 కూడా అంతరిక్షమే. అదే ఏడాది, అదే సోనీ. మూడు నెలల్లో కోటి కాపీలు దాటింది.

కన్సల్టెంట్: అది అదృష్టం.

(ఒకటి రుజువు, ఇంకోటి అదృష్టం ఎలా అయిందో యాంకర్ అడగలేదు.)

యాంకర్: మరి ఇస్రో థీమ్ పెడితే? విక్రమ్ ల్యాండర్ లాంటి ఓడ?

రీసెర్చర్: థీమ్ తర్వాతండీ. ఎంతమంది కొన్నారన్నది కూడా తర్వాత. మంగళవారం రాత్రి పదకొండింటికి ఎంతమంది లాగిన్‌లో ఉంటారు? అది ముందు. వెయ్యిమంది పట్టే కల్యాణమండపంలో పాతికమంది బంతికి కూర్చుంటే ఎలా ఉంటుందో, జనం లేని స్పేస్ గేమ్ అలా ఉంటుంది. కొత్తగా వచ్చినవాడు గంట తిరిగినా ఇంకో ఓడ కనపడదు, మర్నాడు రాడు. అందుకే మనకు పోటీగా ఉన్న గేముల్లో రోజూ ఏ గంటకు ఎంతమంది ఉంటున్నారో చూడాలి. పీసీ గేములు అమ్మే ఆన్‌లైన్ షాపు స్టీమ్ అమ్మకాలు చెప్పదు కాబట్టి రివ్యూల సంఖ్యను 30తోనో 50తోనో గుణించి...

కన్సల్టెంట్: గుణించి! చూశారా, వీళ్ల రీసెర్చ్ గుణకారం!

రీసెర్చర్: అంచనా అన్నానండీ.

విద్యార్థి: అసలు సర్వర్ ఎక్కడ పెడతారు? ఈవ్ సర్వర్ లండన్‌లో ఉంది. మా పీజీ వైఫైలో పింగ్, అంటే సర్వర్ దాకా వెళ్లొచ్చే ఆలస్యం చూస్తే ఏడుపొస్తుంది.

డెవలపర్: ఈవ్‌కు పింగ్ అంత సమస్య కాదు, సర్వర్ సెకనుకు ఒకసారే లెక్క వేస్తుంది. 2014 జనవరిలో ఆ గేమ్‌లోనే బీ-ఆర్‌5ఆర్‌బీ అనే చోట యుద్ధం 21 గంటలు సాగింది. ఏడు వేల మందికి పైగా దిగారు. లోడ్ తట్టుకోలేక గేమ్‌లో కాలమే పదో వంతుకు పడిపోయింది.

యాంకర్: 21 గంటలా! మరి భోజనాలు?

విద్యార్థి: వంతులవారీగా ఆడతారండీ. ఒకళ్లు పడుకుంటే ఇంకొకళ్లు.

(భోజనాల మీద ఇంకాసేపు నడిచింది, వదిలేశాం.)

కన్సల్టెంట్: ఎవడికుంది అంత టైమ్? మనవాడు సిల్క్ బోర్డ్ ట్రాఫిక్‌లో గేమ్ ఆడతాడు, ఫోన్‌లో ఆడతాడు. పబ్‌జీని 2020 సెప్టెంబర్‌లో బ్యాన్ చేశారు. 2021లో బీజీఎంఐగా వచ్చింది, 2022లో మళ్లీ పోయింది, 2023లో మళ్లీ వచ్చింది. జనం పోయారా? ఫ్రీగా ఉండాలి, ఫోన్‌లో ఉండాలి, అరగంటలో అయిపోవాలి. మూడూ లేకపోతే మార్కెట్ లేదు, రాసుకోండి. పైగా 2025 ఆగస్టులో ఆన్‌లైన్ గేమింగ్ చట్టం వచ్చింది...

రీసెర్చర్: అది డబ్బు పెట్టి డబ్బు గెలిచే ఆటలకండీ. ఓడ కొంటే తిరిగొచ్చేదేముంది?

కన్సల్టెంట్: యూపీఐలో వెళ్లింది డబ్బు కాదా?

రీసెర్చర్: నేను చెప్పింది అది కా...

కన్సల్టెంట్: డబ్బా, కాదా?

యాంకర్: సార్ పాయింట్ బలంగానే ఉంది. అయినా ఆ 80 లక్షల మంది...

డెవలపర్: సార్, అసలు ఇండియాలోనే అమ్మాలని ఎవరన్నారు? స్పేస్ గేమ్‌కు డబ్బు కట్టేవాళ్లు అమెరికాలో, జర్మనీలో ఉన్నారు. స్టీమ్‌లో పెడితే...

కన్సల్టెంట్: మరి సర్వే బెంగళూరు వాట్సాప్‌లో ఎందుకు చేశారు?

(స్టూడియోలో చప్పట్లు.)

రీసెర్చర్: మంచి ప్రశ్న. ఎవరిని అడిగారు, వాళ్ల దగ్గర పీసీ ఉందా, ఇంతకుముందు ఏ గేమ్‌కు కట్టారు...

యాంకర్: పది సెకన్లు మేడమ్.

రీసెర్చర్: పది సెకన్లలో ఎలా అండీ? సార్ ఇందాకటి నుంచి...

కన్సల్టెంట్: ఆ పది సెకన్లు నాకివ్వండి, ఒక్క మాటలో చెప్పేస్తా.

యాంకర్: చెప్పండి సార్.