లోపల గుడ్డ ఉందా మాస్టరూ?

(కడప నుంచి ప్రసారమైన ఫోన్-ఇన్ కార్యక్రమం. కాలర్ల పేర్లు ఇవ్వలేదు.)

వ్యాఖ్యాత: నమస్కారం. ఒకపక్క పెండ్లిళ్లు, ఇంకోపక్క కాలేజీల్లో ఉద్యోగాల ఇంటర్వ్యూలు. బీరువాలో కోట్లు బయటికొచ్చే కాలం ఇది. వై.వి. స్ట్రీట్ పక్క సందులో నలభై ఏండ్లుగా కత్తెర పట్టిన టైలరు మాస్టరు గారు స్టూడియోకు వచ్చినారు. మెడలో టేపు గూడా తీయకుండా వచ్చేసినారు.

మాస్టరు: తీస్తే యాడ పెట్టినానో మరిచిపోతా సార్.

వ్యాఖ్యాత: మొదటి ఫోను ప్రొద్దుటూరు నుంచి. చెప్పండన్నా.

కాలర్: హలో... మాస్టరన్నా, నమస్తే. వచ్చే గురువారం నా పెండ్లి. రిసెప్షన్‌కు రెడీమేడ్ సూటు తీసుకున్నా. అద్దంలో బాగుంది గానీ, ఫోటో తీస్తే భుజాలు జారినట్టు కనపడతాండాయి.

వ్యాఖ్యాత: అన్నా, రోంత రేడియో సౌండు తగ్గించండి.

మాస్టరు: కోటు దగ్గరుందా నాయనా? తొడుక్కో. గోడకు పక్కగా నిలబడు. చెయ్యి కిందికి వదిలేసి, మెల్లగా గోడ వైపుకు ఒరుగు. ముందు ఏది తగిలింది? చెయ్యా, భుజంలో పెట్టిన ప్యాడా?

కాలర్: ఉండన్నా... ప్యాడే తగిలింది.

మాస్టరు: ఐతే అది నీ భుజం కాదప్పా, ఇంకెవరిదో. బిల్లు ఉంటే ఈ పొద్దే పోయి, ఒక సైజు తగ్గించి మార్చుకో. నడుము దగ్గర వదులైతే పట్టొచ్చు, చేతుల పొడవు తగ్గించొచ్చు, ప్యాంటు ఎట్లైనా చేయొచ్చు. భుజం మాత్రం ముట్టుకోకూడదు. చేతులు ఊడదీసి, ప్యాడు తీసి, మళ్లీ కోసి కుట్టల్ల. చేస్తామనే వాళ్లు ఉంటారు. చేసినాక చెయ్యి అతికిన చోట ముడతలు పడతాయి, మళ్లీ పోవు. నేనైతే ఒప్పుకోను.

కాలర్: చేతులు గూడా పొడుగేనన్నా. వేళ్ల దాకా వచ్చినాయి.

మాస్టరు: లోపలి అంగీ కఫ్ అరంగుళం బయటికి కనపడల్ల. చేతి గుండీలకు నిజం కాజాలు ఉన్నాయా, ఊరికే కుట్టినవా చూడు. ఉత్తవైతే కిందనుంచి తగ్గించొచ్చు, చిన్న పని. కాజాలు కోసి ఉంటే పైన భుజం దగ్గరనుంచి తీయల్ల, అది పెద్ద పని. ఇంగో మాట. వెనక చీలిక దగ్గర ఇంటూ మార్కు మాదిరి దారం ఉంటాది, చేతి మీద కంపెనీ గుడ్డ పట్టీ ఉంటాది. అవి అంగట్లో కోటు నలగకుండా, గుర్తుకోసం పెట్టేవి. రెండూ కత్తిరించు. స్టేజీ మీద ఆ పట్టీతోనే నిలబడిన పెండ్లికొడుకులను ఎంతమందిని చూసినానో! నిలబడినప్పుడు పైగుండీ పెట్టుకో, అన్నిటికంటే కిందిది వదిలెయ్యి. కూర్చునేటప్పుడు పైదీ ఇప్పెయ్యి.

వ్యాఖ్యాత: పెండ్లి శుభాకాంక్షలన్నా. తర్వాత పులివెందుల.

కాలర్: సార్, నాది బూట్ల గోడు. నాలుగేండ్ల కింద పెండ్లికి కొన్నా. ఐదారు సార్లు గూడా ఏసుకోలే, డబ్బాలో భద్రంగా పెట్టినా. మొన్న బామ్మర్ది గృహప్రవేశానికి ఏసుకొని పోతే సోలు కేకు మాదిరి పొడిపొడి అయి రాలింది. కొత్తింటి తెల్ల టైల్స్ మీద యాడ చూసినా నా అడుగులే. అంగడాయన నడిగితే, నీ వాడకం సరిగా లేదన్నాడు.

మాస్టరు: వాడకపోవడమే కారణం. నేను బట్టల వాణ్ణి గానీ, నా అంగడి పక్కనే బూట్లు కుట్టే ఆయన ముప్పై ఏండ్లుగా కూర్చుంటాడు. ఇట్లాంటి జత వారానికొకటి వస్తాదంటాడు. మెత్తగా, తేలికగా ఉంటాదే ఆ సోలు, పాలీయురేతేన్‌ది, పీయూ అంటారు. గాల్లో తేమ మెల్లమెల్లగా దాంట్లోకి దిగి లోపలే విరగ్గొడతాది. డబ్బాలో మూసిపెడితే పైకి కొత్తగానే కనపడతాది. ఒక్కసారి బరువు పడితే అంతే.

కాలర్: పై తోలు బ్రహ్మాండంగా ఉంది సార్. పారెయ్యల్లంటే మనసు రాలేదు.

మాస్టరు: పారెయ్యొద్దు. పాత సోలు పూర్తిగా గీకేయించి రబ్బరు సోలు వేయించు. ఊరికే అంటిస్తే చాలదు, చుట్టూ కుట్టు గూడా వేయమను. మళ్లీ కొనేటప్పుడు సోలు ఎట్ల నిలబడిందో చూడు. గుడ్‌ఇయర్ వెల్ట్ అని ఒక పద్ధతి ఉంది. పై తోలుకు చుట్టూ ఒక పట్టీ కుట్టి, ఆ పట్టీకి సోలు కుడతారు. సోలు అరిగితే ఆ ఒక్క కుట్టు విప్పి కొత్తది వేయొచ్చు. కొన్నిటికి కుట్టు మాదిరి అచ్చు పోసి మోసం చేస్తారు. గోరుతో గీకితే దారమో కాదో తెలుస్తాది.

వ్యాఖ్యాత: కొలత విషయం గూడా చెప్పండి మాస్టరూ. నాకు ప్రతి బూటూ కరుస్తుంది.

మాస్టరు: పొద్దున కొని ఉంటారు. సాయంత్రానికి పాదం రోంత ఉబ్బుతాది, అప్పుడు పోయి కొనల్ల. చిన్నప్పటినుంచి మెట్లు, అదే చెప్పులు, ఏసుకొని తిరిగిన కాళ్లు మనవి, వేళ్ల దగ్గర వెడల్పు ఎక్కువ. లేసు పట్టీలు రెండూ పైన విడిగా తెరుచుకునే రకాన్ని డెర్బీ అంటారు, అది మనకు హాయి. ఆక్స్‌ఫర్డ్ అనే మూసిన రకం చూడ్డానికి నాజూగ్గా ఉంటాది, పాదం ఎత్తుంటే మాత్రం కట్టేసినట్టే.

వ్యాఖ్యాత: కడప నుంచే ఒక అమ్మగారు. మాట్లాడండమ్మా.

కాలర్: నమస్తే మాస్టరూ. మా మామగారి సూటు ఒకటుంది. 1986లో బెంగుళూరులో కుట్టించుకున్నారంట. కలరా ఉండలేసి బీరువాలో పెట్టినాం. మా పిల్లోడికి వచ్చే నెల ఇంటర్వ్యూలు. వానికి భుజాలు భలే కుదిరినాయి. నడుము దగ్గర గుండీ పడ్డంలేదు.

మాస్టరు: భుజం కుదిరిందా! అమ్మా, అది అట్లే పట్టుకోండి. లోపలికి తిప్పండి. వీపు మధ్యలో నిలువు కుట్టు ఉంటాది. లైనింగు పైనుంచి తడిమితే, కుట్టు పక్కన మిగులు గుడ్డ ఎంత ఉందో వేలికి తెలుస్తాది.

కాలర్: ...రెండు వేళ్లంత ఉన్నట్టుంది.

మాస్టరు: ఎవరో గానీ ఆయనకు దండం పెట్టల్ల. వీపులో ఒకటి, పక్కల్లో చెరో రోంత విప్పితే అంగుళంన్నర పైనే వస్తాది. ముందు భాగం గుండీ కింద రెండు వేళ్లతో పట్టుకొని, పైగుడ్డనూ లోపలి గుడ్డనూ విడదీసి లాగండి. మధ్యలో ఇంకో పొర విడిగా ఆడుతోందా?

కాలర్: ఆ, ఏదో గరుగ్గా తగుల్తాంది.

మాస్టరు: అది కాన్వాస్, కోటు ముందు భాగం నిలబడేందుకు లోపల పెట్టే గట్టి గుడ్డ. కుట్టి పెట్టింది, అంటించింది కాదు. ఇప్పుడు చాలా కోట్లకు ఆ పొరను జిగురుతో ఇస్త్రీ చేసి అతికిస్తారు. నాలుగు డ్రైవాష్‌లకు బుడగలు లేవొచ్చు, వాటికి మందు లేదు. మీదాన్ని విప్పి మళ్లీ కుట్టొచ్చు. ఐతే ఒక చిక్కుంది. విప్పిన చోట పాత కుట్టు గీత, లోపల ఎండ తగలని గుడ్డ రోంత ముదురు రంగుగా కనపడొచ్చు. ముందు వీపులో రెండంగుళాలే విప్పి, ఆవిరి పట్టి చూసి, ఆ తర్వాతే మిగతాది విప్పమని మీ టైలరుకు చెప్పండి. లైటుకు అడ్డం పెట్టి పురుగు కొట్టిన చిల్లులు చూడండి. చిన్నవైతే, లోపలి మిగులు గుడ్డలో దారాలు తీసి అదే రంగులో రఫూ చేస్తారు. వాసన పోవడానికి నీడలో, గాలికి రెండు దినాలు వేలాడదీయండి. ఎండ వద్దు.

కాలర్: కాలర్ మడతలు మరీ వెడల్పు మాస్టరూ, పిల్లోడు నవ్వుతాండాడు.

మాస్టరు: నవ్వనీండి, వాటిని కోయించొద్దు. నేను కొత్తలో ఒక తప్పు చేసినా. లోపల శుభ్రంగా కనపడల్లని మిగులు గుడ్డంతా కత్తిరించి కుట్టినా. పెండ్లికొడుకు ముహూర్తానికి ముందు నెలలో ఒళ్లు చేసినాడు. విప్పితే ఏముంది, దారాలే! గుడ్డ డబ్బులు నేనే కట్టినా. ఆ పొద్దునుంచి కత్తెర తీసుకుంటే ముందు అది గుర్తొస్తాది.

వ్యాఖ్యాత: జమ్మలమడుగు నుంచి ఒక లాయరు గారు.

కాలర్: ఎండాకాలం కింది కోర్టుల్లో నల్లకోటు తప్పనిసరి కాదని బార్ కౌన్సిల్ నియమం ఉంది మాస్టరూ. కానీ వేసుకోకపోతే క్లయింటు నమ్మడు. కోటు లోపల ఉడికిపోతాండా.

మాస్టరు: మీది పాలిస్టరు ఎక్కువున్న గుడ్డ అయి ఉంటాది. ఉన్ని అంటే చలికి అనుకుంటారు, సన్నంగా నేసిన ట్రాపికల్ ఊలు గుండా గాలి ఆడతాది, చెమట పీలుస్తాది. వీపుకు సగం లైనింగే వేయమనండి. లైనింగు పాలిస్టరైతే పైన ఎంత మంచి గుడ్డ వేసినా వృథా. మోచేతుల దగ్గర మెరుపొచ్చిందా?

కాలర్: అద్దం మాదిరి!

మాస్టరు: ఇస్త్రీపెట్టె నేరుగా పెడతాండారు. పైన తడి నూలుగుడ్డ పరిచి పెట్టల్ల.

వ్యాఖ్యాత: చివరి కాల్, మైదుకూరు. బిన్నా చెప్పండన్నా.

కాలర్: కొలతకు పాత అంగీ ఆది ఇచ్చి కొత్తది కుట్టిస్తే ప్రతిసారీ బిగువొస్తాంది మాస్టరూ.

మాస్టరు: ఆది ఇచ్చిన అంగీ ఉతికి ఉతికి కుదించుకుపోయి ఉంటాది. టైలరు దాన్నే కొలుస్తాడు, కొత్త నూలుగుడ్డ మళ్లీ కుదించుకుంటాది. గుడ్డ రాత్రంతా నీళ్లలో నానబెట్టి ఆరేసి ఇవ్వు. కొలతలు ఒంటి మీదే తీయించుకో.

కాలర్: ఇంకొకటి మాస్టరూ. మా నాయన అంగీకి కాలర్ ఒక్కటే అరిగింది, మిగతా గుడ్డ బాగుంది.

మాస్టరు: కాలర్ ఊడదీసి, తిప్పి కుడితే అరిగింది లోపలికి పోతాది.

కాలర్: అట్ల కుట్టేవాళ్లు ఇప్పుడు యాడుండారు?

మాస్టరు: పట్టుకురా. గురువారం దాటినాక రా కానీ, అంతవరకు అంతా పెండ్లి పనే.